కుక్కతో, షాట్‌గన్‌తో ఫెజెంట్ వేట: మొదటి ఏడాది ఎక్కడ మొదలుపెట్టాలి?

రోచెస్టర్_కొత్తవాడు (మిన్నెసోటా) · ఆగస్టు 3

అందరికీ నమస్కారం. నేను హెచ్1బీ వీసాపై ఆరేళ్ళుగా మిన్నెసోటాలో ఉంటున్నాను. కిందటి అక్టోబరులో మా పక్కింటి పెద్దాయన తన కుక్కతో ఫెజెంట్ (కోడిని పోలిన అడవి పక్షి) వేటకు వెళ్తూ, తుపాకీ లేకుండా ఊరికే తోడు నడవమని నన్ను పిలిచారు. మొక్కజొన్న కోసేసిన చేని పక్కన నడుము ఎత్తు గడ్డిలో రెండు గంటలు నడిచాక, ఆయన కుక్క ఒక్కసారిగా ముక్కు నేలకు ఆనించి, తోక గిరగిర తిప్పుతూ వంకరటింకరగా పరుగు తీసింది. నా కాళ్ళకు పదడుగుల దూరంలో ఒక పుంజు అరుస్తూ గాలిలోకి లేచింది. మెడ చుట్టూ తెల్లటి పట్టీ, ఎర్రటి ముఖం, ఎండలో రాగి రంగులో మెరిసిన రొమ్ము, మూరెడు పొడవు తోక, అన్నీ ఆ రెండు క్షణాల్లోనే నా కళ్ళకు కట్టిపోయాయి. ఆ రోజు నుంచి నాకు ఇదే ధ్యాసగా ఉంది.

జనవరిలో ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాము. దానికి ఇప్పుడు తొమ్మిది నెలలు. ఈ శరత్కాలంలోనే వేట మొదలుపెట్టాలని నా కోరిక. ఏ తుపాకీ కొనాలి, కుక్కను ఎలా సిద్ధం చేయాలి, ఎక్కడికి వెళ్ళాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా? వచ్చే వారం షూటింగ్ రేంజికి వెళ్ళి అద్దె తుపాకీతో సాధన మొదలుపెడదామని అనుకుంటున్నాను. కుక్కను కూడా వెంట తీసుకెళ్తే చప్పుడుకు అలవాటు పడుతుంది కదా?

విచిటా_గోధుమచేను (కాన్సస్) · ఆగస్టు 3

దయచేసి వచ్చే వారం రేంజికి వెళ్ళకండి. రెండు కారణాలున్నాయి. కుక్క సంగతి సూఫాల్స్ అక్కగారు వచ్చి చెబుతారు కాబట్టి నేను చట్టం సంగతి చెబుతాను.

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఇక్కడి సమాఖ్య చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న కొన్ని మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటే: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మన దగ్గర ఉండటం. "కలిగి ఉండటం" అంటే కొనడం ఒక్కటే కాదు. రేంజిలో అద్దెకు తీసుకుని పట్టుకున్నా, స్నేహితుడి తుపాకీని చేతిలోకి తీసుకున్నా అది కలిగి ఉండటమే అవుతుంది. కాబట్టి తుపాకీ ముట్టుకోవడానికి ముందే లైసెన్సు చేతికి రావాలి. లైసెన్సు గడువు ముగిసిన రోజున మినహాయింపు కూడా ముగుస్తుంది. అప్పుడు బీరువాలో ఉన్న తుపాకీ కూడా సమస్యే అవుతుంది కాబట్టి, గడువు తీరకముందే కొత్త లైసెన్సు తీసుకోవడం మరిచిపోకూడదు. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ నిషేధం వర్తించదు. ఇమ్మిగ్రేషన్ కాగితాలు నడుస్తున్న సమయంలో చిన్న పొరపాటు కూడా పెద్ద నష్టం తెస్తుంది కనుక, మీ న్యాయవాదిని ఒక్కసారి అడిగి ముందుకు వెళ్ళండి.

మిన్నెసోటాలో 1979 డిసెంబరు 31 తరువాత పుట్టినవారు లైసెన్సు కొనాలంటే తుపాకీ భద్రతా శిక్షణ పత్రం ఉండాలి. పాఠాలు ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. క్షేత్ర శిక్షణ రోజుకు చోటు దొరకడం మాత్రం సెప్టెంబరు వచ్చేసరికి కష్టమవుతుంది కాబట్టి, ఈ రాత్రే నమోదు చేసుకోండి. చిన్న జంతువుల వేట లైసెన్సుతో పాటు ఫెజెంట్ స్టాంపు కూడా తీసుకోవాలి.

సూఫాల్స్_అక్క (సౌత్ డకోటా) · ఆగస్టు 4

తమ్ముడూ, కుక్కను రేంజికి తీసుకెళ్ళవద్దు. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. నా మొదటి ల్యాబ్‌ను ఎనిమిది నెలల వయసులో, గాలిలోకి విసిరిన మట్టిపళ్ళేలను కాల్చే ఒక రేంజికి తీసుకెళ్ళి కారు పక్కన కట్టేశాను. నాలుగో తూటా పేలేసరికి అది కారు కిందకు దూరింది. ఆ తరువాత తుపాకీ సంచి జిప్పు తీసిన చప్పుడు వినపడితే చాలు, వంటింట్లోకి వెళ్ళి మూలన వణుకుతూ కూర్చునేది. పద్నాలుగేళ్ళు మా ఇంట్లో బిడ్డలా బతికింది, కానీ ఒక్క రోజు కూడా వేటకు రాలేదు. తప్పు పూర్తిగా నాది. ఏ కారణమూ తెలియని పెద్ద చప్పుడు కుక్కకు భయమే నేర్పుతుంది. అదే చప్పుడు పక్షి వెంట వస్తే ఆనందమవుతుంది.

అందుకే పక్షి ముందు, తుపాకీ తరువాత. మొదట ఫెజెంట్ రెక్కను గడ్డిలో దాచి వెతికించండి. తరువాత బతికున్న పావురాన్ని చూపించండి. అది లేచినప్పుడు కుక్క వెంటపడి పరుగెత్తనివ్వండి. ఆ తరుముడులో దానికి ప్రపంచం గుర్తుండదు. సరిగ్గా ఆ క్షణంలో, నూరు గజాల దూరంలో నిలబడిన స్నేహితుడు గుండు లేకుండా చప్పుడు మాత్రమే చేసే తూటాల పిస్టల్‌ను ఒక్కసారి పేల్చాలి. (ఆ స్నేహితుడు చట్టపరంగా తుపాకీ పట్టుకోగలవారై ఉండాలి, విచిటా గారు చెప్పింది మరవకండి.) కుక్క తోకను చూడండి. ఊగుతూనే ఉంటే మరో రోజు ఎనభై గజాలకు రండి. తోక కిందికి వాలినా, తలతిప్పి మీ వైపు చూసినా, అక్కడితో ఆపి వెనక్కి వెళ్ళండి. దీనికి రెండు వారాలు పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు. తొందరపడితే బాగుచేయడం చాలా కష్టమైన లోపం ఇది.

ఇక రెండో విషయం. ల్యాబ్ పక్షిని చూపిస్తూ నిలబడే కుక్క కాదు, పక్షిని లేపే కుక్క. బ్రిట్నీ, జర్మన్ షార్ట్‌హెయిర్, సెట్టర్ వంటివి వాసన పట్టి కదలకుండా నిలబడతాయి కాబట్టి అవి నూరు గజాల అవతల ఉన్నా మీరు నడిచి చేరుకోవచ్చు. ల్యాబ్ నలభై గజాల ముందు పక్షిని లేపితే మీరు తుపాకీ ఎత్తేసరికి అది గుళ్ళకు అందని దూరంలో ఉంటుంది. కాబట్టి మీ కుక్క ఎప్పుడూ ఇరవై, ఇరవై ఐదు గజాల లోపలే, మీ ఎదుట కుడి నుంచి ఎడమకూ ఎడమ నుంచి కుడికీ తిరగాలి. ఈ రెండు నెలలూ మీరు రోజూ పొడవు గడ్డిలో నడుస్తూ, అది దూరం పోయినప్పుడల్లా మీరు దిశ మార్చి, ఈల వేసి పిలిచి, వచ్చినప్పుడు మెచ్చుకోవాలి. "రా" అంటే ఏ పరిస్థితిలోనైనా వచ్చే కుక్క అయితే సగం శిక్షణ పూర్తయినట్టే.

ఒమాహా_వరిపైరు (నెబ్రాస్కా) · ఆగస్టు 4

అక్కగారి మాటలతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలనుకుంటున్నాను. అడవి ఫెజెంట్లు తెలివైనవి, మొదటి సంవత్సరం కుక్కకు రోజంతా ఒక్కటి కూడా దొరకకపోవచ్చు. అందువల్ల మొదట డబ్బు చెల్లించి వేటాడే ప్రైవేటు క్షేత్రానికి వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. అక్కడ పెంచిన పక్షులను గడ్డిలో వదులుతారు కాబట్టి ఒక్క ఉదయంలోనే ఐదారు పక్షులు కుక్కకు తగులుతాయి.

సూఫాల్స్_అక్క · ఆగస్టు 4

వరిపైరు గారూ, ల్యాబ్ విషయంలో మీ సలహా సరైనదే. ఒకటి రెండుసార్లు వెళ్ళడం వల్ల మేలే జరుగుతుంది. చూపించి నిలబడే జాతి కుక్క పిల్లతో మాత్రం జాగ్రత్త అవసరం. పెంపకపు పక్షుల్లో కొన్ని సరిగ్గా ఎగరవు. కుక్క వాటిని నేల మీదే నోట కరుచుకుంటే, ఇకపై నిలబడటం ఎందుకు, దూకి పట్టుకుంటే పోలేదా అని నేర్చుకుంటుంది. అడవి పక్షి మాత్రం కుక్క ఒక అడుగు ఎక్కువ వేస్తే ఎగిరిపోయి దానికి మర్యాద నేర్పుతుంది.

మినియాపొలిస్_మట్టిపళ్ళెం (మిన్నెసోటా) · ఆగస్టు 6

తుపాకీ గురించి నేను రాస్తాను. 12 గేజ్ గానీ 20 గేజ్ గానీ తీసుకోండి. గొట్టం లోపలి వ్యాసానికి సరిపడే సీసపు బంతులు పన్నెండు కలిస్తే ఒక పౌండు తూగుతాయి గనుక అది 12 గేజ్ అయింది. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 గేజ్ తేలికగా ఉంటుంది, రోజుకు ఏడెనిమిది మైళ్ళు నడిచే వేటలో ఆ తేడా భుజానికి తెలుస్తుంది. తూటాలు ఎక్కువ రకాల్లో దొరికేది మాత్రం 12 గేజ్‌కే. రెండింటినీ ఒకే ఇంట్లో ఉంచుకునేవారు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: పొరపాటున 20 గేజ్ తూటా 12 గేజ్ తుపాకీలో పడితే అది గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది, తూటా పెట్టే గది ఖాళీగా కనిపిస్తుంది, దాని వెనుక 12 గేజ్ తూటా పెట్టి పేలిస్తే గొట్టం చేతిలోనే పగులుతుంది. 20 గేజ్ తూటాలను పసుపు రంగులో తయారు చేసేది ఈ ప్రమాదాన్ని నివారించడానికే. జేబులో ఎప్పుడూ ఒకే రకం ఉండాలి.

పంపు తుపాకీ (ప్రతిసారీ ముందరి పట్టును వెనక్కి లాగి తోసి తరువాతి తూటాను ఎక్కించేది) చాలు. రెమింగ్టన్ 870 మోడల్ 1950 నుంచి వస్తోంది, మాస్‌బర్గ్ 500 కూడా అంతే నమ్మకమైనది, రెండూ పాతవి మంచి స్థితిలో తక్కువ ధరకు దొరుకుతాయి. ధర కన్నా ముఖ్యమైనది మీ ఒంటికి సరిపోవడం. కళ్ళు మూసుకుని తుపాకీని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్ళు తెరవండి. మీ చూపు గొట్టం మీదుగా తిన్నగా ముందరి పూసకు చేరితే అది మీ తుపాకీ. గొట్టం వెనుక భాగమే కనిపించినా, పక్కకు చూస్తున్నా మరొకటి చూడండి. మన వాళ్ళలో పొట్టి చేతులవారికి కర్ర భాగం తరచు పొడవవుతుంది, దాన్ని కోయించుకోవచ్చు.

గుళ్ళు ఎంత విచ్చుకోవాలో నిర్ణయించడానికి గొట్టం చివర బిగించే చోక్ విషయంలో, కుక్క దగ్గరగా లేపే పక్షులకు గుళ్ళను ఎక్కువ విచ్చుకోనిచ్చే ఇంప్రూవ్డ్ సిలిండర్ సరిపోతుంది. డిసెంబరులో పక్షులు దూరం నుంచే లేస్తాయి కాబట్టి అప్పుడు ఇంకాస్త బిగువైన మాడిఫైడ్ పెట్టుకోండి. సీసపు గుళ్ళయితే 5 లేదా 6 నంబరు (నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది). ఉక్కు సీసం కన్నా తేలిక గనుక ఉక్కు గుళ్ళు రెండు సైజులు పెద్దవి, అంటే 3 లేదా 4 నంబరు వాడాలి. సమాఖ్య ప్రభుత్వపు నీటిపక్షుల క్షేత్రాల్లో సీసం జేబులో ఉన్నా తప్పే. కనుక మొదటి నుంచీ ఉక్కుతోనే అలవాటు చేసుకుంటే ఎక్కడికెళ్ళినా చిక్కు ఉండదు.

లైసెన్సు వచ్చాక రేంజిలో కనీసం పది రౌండ్లు కాల్చండి. రౌండుకు 25 పళ్ళేలు. తుపాకీని ముందే భుజానికి ఆనించుకుని నిలబడకండి. వేటలో నడుస్తున్నట్టు చేతుల్లో పట్టుకుని, పళ్ళెం ఎగిరాక ఎత్తండి. పళ్ళెం విడుదలైనప్పుడు వేగంగా ఉండి క్రమంగా నెమ్మదిస్తుంది, ఫెజెంట్ నెమ్మదిగా లేచి క్రమంగా వేగం పుంజుకుంటుంది. అందుకే రేంజిలో బాగా కాల్చేవారు కూడా మొదటి రోజు పొడవాటి తోకను చూసి తోక వెనుక కాలుస్తారు. చూపు తల మీద, ఆ తెల్లటి మెడపట్టీ మీద ఉండాలి.

విచిటా_గోధుమచేను · ఆగస్టు 7

మట్టిపళ్ళెం గారు చెప్పినదానికి భద్రత చేర్చాలి, ఎందుకంటే ఈ వేటలో మనిషీ కుక్కా పక్షీ ముగ్గురూ ఒకే గడ్డిలో కదులుతుంటారు. పక్షి వెనుక ఆకాశం కనిపించనిదే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. తక్కువ ఎత్తులో పోతున్న పుంజు వెనుక మీ కుక్క దూకుతూ ఉండవచ్చు. గడ్డి అవతల మీ స్నేహితుడి టోపీ ఉండవచ్చు. పక్షి లేచి, పుంజని తేలి, తుపాకీ భుజానికి చేరుతున్నప్పుడే సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) తీయాలి. వరుసగా నడిచేటప్పుడు ఎవరి ఎదుటి భాగం వారిదే. కంచె దాటేముందు తూటాలు తీసేయాలి. మిన్నెసోటాలో నడుముకు పైన కనీసం ఒక వస్త్రమైనా మెరిసే నారింజ లేదా గులాబీ రంగులో ఉండాలి. నేను మాత్రం టోపీ, కోటు రెండూ నారింజవే వేసుకుంటాను, మా కుక్కకు కూడా నారింజ చొక్కా తొడుగుతాను.

పుంజునే వేటాడాలి, పెట్టను ఎప్పుడూ కాల్చకూడదు. ఒక పుంజు అనేక పెట్టలతో జతకడుతుంది కాబట్టి పుంజులు కొన్ని తగ్గినా వచ్చే ఏటి పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదు. పెట్ట పోతే ఒక గూడే పోతుంది. సూర్యుడికి ఎదురుగా లేచిన పక్షి నల్లటి నీడలా కనిపిస్తుంది, అప్పుడు రంగు తెలియకపోతే వదిలేయండి. అందరూ "పుంజు", "పెట్ట" అని గట్టిగా అరవడం మా బృందంలో నియమం. మా అమెరికన్ స్నేహితులు కూడా ఇప్పుడు "పెట్ట" అనే అరుస్తారు.

మిన్నెసోటాలో నవంబరు నెలాఖరు వరకు రోజుకు రెండు పుంజులు, డిసెంబరు 1 నుంచి మూడు. వేట సమయం ఉదయం 9 నుంచి సూర్యాస్తమయం వరకు. నియమాలు ఏటా చూసుకోవాలి.

సూఫాల్స్_అక్క · ఆగస్టు 9

ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న మిగిలింది. రోచెస్టర్ పరిసరాల కన్నా ఐ-90 రహదారి మీద పడమటికి వెళ్ళి, విండమ్, వర్థింగ్టన్, మార్షల్ వైపు చూడండి. అక్కడ రాష్ట్రపు వన్యప్రాణి నిర్వహణ క్షేత్రాలు చాలా ఉన్నాయి, వాటిలో ఎవరైనా వేటాడవచ్చు. రైతుల భూమిలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. తలుపు తట్టి మర్యాదగా అడిగితే సీజను మొదటి వారంలో కాదన్నవారే డిసెంబరులో అవునంటారు.

ఈ పక్షి ఇక్కడిది కాదు, మన ఆసియాది. 1880ల తొలినాళ్ళలో చైనా నుంచి ఒరెగాన్‌కు తెచ్చి వదిలారు. మా సౌత్ డకోటాలో 1908, 1909 ప్రాంతాల్లో స్పింక్ కౌంటీలో నిలదొక్కుకుంది. 1919లో తొలి వేట సీజను ఆ కౌంటీలోనే ఒక్క రోజు జరిగింది. దాని సంఖ్య పెరగడం, తగ్గడం ప్రధానంగా గడ్డి మీద ఆధారపడి ఉంటుంది. 1985 వ్యవసాయ చట్టంతో వచ్చిన సీఆర్‌పీ పథకం కింద రైతులకు అద్దె చెల్లించి పది, పదిహేనేళ్ళు పొలాన్ని గడ్డికి వదిలిస్తున్నారు. ఆ గడ్డిలోనే పెట్టలు గూళ్ళు పెడతాయి. ధాన్యం ధర పెరిగి రైతులు ఆ గడ్డిని దున్నేసిన చోట పక్షి కనుమరుగవుతుంది. మీరు కొనే తుపాకీ మీదా తూటాల మీదా పడే 11 శాతం సమాఖ్య పన్ను 1937 నాటి చట్టం ప్రకారం రాష్ట్రాల వన్యప్రాణి పనులకు వెళ్తుంది. వేటగాడు ఈ గడ్డిని పోషించేవాడు కూడా కావాలని నేను మనసారా కోరుకుంటాను.

నడిచే పద్ధతి ఇది. ఉదయం పక్షులు పడుకున్న గడ్డి నుంచి చేని అంచులకు మేతకు వస్తాయి, మధ్యాహ్నం నీడపట్టున ఉంటాయి, సాయంత్రం మళ్ళీ గడ్డికి చేరతాయి. మంచు పడ్డాక చిత్తడి నేలల్లో జమ్ము మధ్యకు దూరతాయి. గాలికి ఎదురుగా నడిస్తే కుక్కకు వాసన అందుతుంది. కారు తలుపు దభీమని వేయవద్దు, ఆ చప్పుడుకే సగం పక్షులు అవతలి చివర నుంచి వెళ్ళిపోతాయి.

కుక్క ఆరోగ్యం: అక్టోబరు ఎండ తక్కువని మోసపోవద్దు. పొడవు గడ్డిలో గాలి ఆడదు. నాలుక వెడల్పై చివర చెంచాలా వంగిందంటే, నడక తూలిందంటే వెంటనే ఆపి, పొట్ట మీద, తొడల మధ్య చల్లని నీళ్ళు పోయండి. వేట ముగిశాక ఇంటికి బయలుదేరేముందే కళ్ళు, చెవులు, చంకలు, వేళ్ళ సందులు వెతకండి. కొన్ని గడ్డి గింజల ముళ్ళు వెనక్కి రాకుండా ముందుకే గుచ్చుకుపోతాయి, ముక్కు గుండా ఊపిరితిత్తులకు చేరితే శస్త్రచికిత్స తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. పడిన పక్షి దొరికేవరకు రెండో పక్షిని కాల్చకండి. రెక్క విరిగిన పుంజు నేల మీద మనిషి కన్నా వేగంగా పరుగెత్తుతుంది. పడిన చోట ఒక గడ్డి పరకను చూపుతో పట్టుకుని, కన్ను తిప్పకుండా అక్కడికే నడిచి, మీ టోపీ అక్కడ పెట్టి, కుక్కను గాలికి దిగువ నుంచి పంపండి. గాయపడిన పక్షిని గడ్డిలో వదిలి రావడం కన్నా రోజంతా ఒక్క తూటా కాల్చకుండా రావడం నయం.

రోచెస్టర్_కొత్తవాడు · నవంబరు 24

మీ అందరికీ బాకీ ఉన్న నివేదిక ఇది. సెప్టెంబరు మధ్యలో శిక్షణ పత్రం, ఆ వారమే లైసెన్సు, ఆ తరువాత 20 గేజ్ పంపు తుపాకీ. కుక్కకు పావురాలతో మొదలుపెట్టి, దూరం తగ్గించుకుంటూ రావడానికి ఏడు వారాలు పట్టింది. సీజను తొలి రోజు నుంచి అక్టోబరు చివరిదాకా దాన్ని తీసుకెళ్ళినా నేను తుపాకీ కారులోనే వదిలేసి నడిచాను. మొదటిసారి తుపాకీతో నడిచింది నవంబరు 8న.

నిన్న విండమ్ దగ్గర ఒక ప్రభుత్వ క్షేత్రంలో మూడు పెట్టలు లేచాయి, మూడింటికీ అరిచాను. నాలుగోది జమ్ము అంచున లేచిన పుంజు. కాల్చాను. పక్షి ఒక పక్కకు ఒరిగి, కాళ్ళు వేలాడేసుకుని జమ్ములో పడింది. నేను టోపీ పెట్టిన చోట రెండు ఈకలు తప్ప ఏమీ లేవు. కుక్క ఆ ఈకలను వాసన చూసి, నేను అనుకున్న వైపు కాకుండా వెనక్కి తిరిగి మంచుగడ్డ కట్టిన నీటి అంచు వెంట వెళ్ళిపోయింది. పిలవాలనిపించింది, కానీ దాని తోక చూసి ఆగాను. అరవై అడుగుల అవతల జమ్ము కదిలింది. బతికున్న పుంజును నోట కరుచుకుని, అది రెక్కతో ముఖం మీద కొడుతున్నా వదలకుండా, నా కాళ్ళ దగ్గరికి తెచ్చింది. నేను దాని ప్రాణం త్వరగా తీసి, చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

ఇంటికి వచ్చి శుభ్రం చేస్తుంటే మెడ కింది మేత సంచి నిండుగా తగిలింది. కోసి పళ్ళెంలో పోశాను. నలభై ఒక్క మొక్కజొన్న గింజలు, కొర్రల్లాంటి కలుపు గింజలు గుప్పెడు, పచ్చి ఆకు ముక్కలు, కాళ్ళు కూడా విరగని ఒక మిడత. కాలి వెనుక ముల్లు పొట్టిగా మొద్దుగా ఉంది, అంటే ఈ ఏటి పిల్లే. ఇప్పుడు దాన్ని వండే పద్ధతి చెప్పండి, ఉత్తరాది స్నేహితులు రొమ్ము వెన్నలో వేయించమంటున్నారు.

సూఫాల్స్_అక్క · నవంబరు 24

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి తమ్ముడూ. కుక్క తోకను నమ్మి ఆగావు చూడు, అదే కావలసింది.

రొమ్ము, కాళ్ళు విడదీసి వేర్వేరుగా వండు. దీనికి కొవ్వు ఉండదు గనుక రొమ్ము ఎక్కువ వేగితే ఎండు కట్టెలా అవుతుంది. పెరుగు, పసుపు, ఉప్పు పట్టించి ఒక రాత్రి ఉంచి, పెద్ద మంట మీద తక్కువసేపు వేయించు. కాళ్ళకు మన నాటుకోడి పులుసే సరి: అల్లం, వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు నూరి, చింతపండు పులుసులో సన్నని సెగ మీద రెండు గంటలు. కాలి పిక్కలో పుల్లల్లాంటి గట్టి నరాలుంటాయి, ఉడికాక మాంసం నుంచి అవి సులువుగా ఊడి వస్తాయి, వడ్డించే ముందు తీసేయి. ముక్కలు కడిగేటప్పుడు ఎక్కడ నల్లటి రంధ్రం కనిపించినా వేలితో తడిమి చూడు. ఉక్కు గుండు తనతో పాటు ఈకను లోపలికి లాక్కుపోతుంది, ఈక చివర పట్టుకుని లాగితే గుండు కూడా వస్తుంది. పిల్లలకు పెట్టేముందు ఇంకోసారి చూడు, పన్ను విరుగుతుంది. ఉడికిన ఎముకలు మాత్రం కుక్కకు పెట్టకు, అవి చీలి పేగుకు గుచ్చుకుంటాయి. దానికి గుండె, కార్జం ఉడకబెట్టి పెట్టు.

రోచెస్టర్_కొత్తవాడు · నవంబరు 25

పులుసు పొయ్యి మీద ఉందక్కా. గుండె, కార్జం అది తినేసింది. ఒక పొడవాటి తోక ఈకను పక్కింటి పెద్దాయనకు ఇచ్చి వచ్చాను.